కాకినాడ బంకమట్టికి అడ్డంగా కూడా టెస్ట్ చేసిన సాయిల్ ల్యాబ్

కాకినాడలో సముద్రం దగ్గర మా గోడౌన్ కోసం మట్టి పరీక్ష ఈ ల్యాబ్‌లో చేయించాం. ఇక్కడి మెత్తటి బంకమట్టి సంగతి తెలిసిందే, కాలు పెడితే దిగిపోతుంది. మామూలుగా అందరూ బోరులోంచి తీసిన మట్టిని నిలువుగానే నొక్కి చూసి ఒకే బలం రాసిచ్చేస్తారు. వీళ్లు అలా చేయలేదు, 100 మి.మీ. ట్యూబ్‌లో తీసిన శాంపిల్‌లోంచి 38 మి.మీ. వ్యాసం, 76 మి.మీ. పొడవు ముక్కల్ని నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని కోసి విడివిడిగా పరీక్షించారు, అడ్డంగా కోసినవాటి బలం తక్కువ వచ్చింది.

ఎందుకని అడిగితే అక్కడి ఇంజనీరుగారు ఓపిగ్గా చెప్పారు. బంకమట్టి రేణువులు పలకల్లా ఉంటాయి, నీళ్లలో పేరుకుంటూ పైబరువుకి ఎక్కువగా పడుకున్నట్టు సర్దుకుంటాయి, అందుకే ఏ దిక్కున కోత పడితే ఆ దిక్కుకో బలం. గట్టు జారేటప్పుడు పైభాగంలో మట్టి నిలువుగా నలుగుతుంది, మధ్యలో పక్కకి కోసుకుపోతుంది, అడుగున అడ్డంగా నొక్కుకుంటుంది. మూడుచోట్లా నిలువు బలమే వేసేస్తే లెక్క ప్రమాదం వైపు తప్పుతుంది! వేన్ షియర్ టెస్టులో (రెక్కలున్న కడ్డీని మట్టిలో గుచ్చి తిప్పి బలం చూసే పరీక్ష) కూడా, రెక్కల ఎత్తు వాటి మొత్తం వెడల్పుకి రెట్టింపైతే, తిప్పేబలంలో 7లో 6 వంతులు నిలువు అంచు మీదే పడుతుందట, ఇది నాకు అసలు తెలియదు.

రిపోర్ట్ వారం ఆలస్యమైంది, ఫోన్ చేస్తే సరిగ్గా ఎత్తలేదు, ఆ టెన్షన్ మాత్రం పడ్డాం. ఫీజు కూడా కాస్త ఎక్కువే. అయినా 4 స్టార్లు ఇస్తున్నా, పక్క స్థలం కొంటే మళ్లీ వీళ్ల దగ్గరికే వెళ్తాను.