పదకొండేళ్లు, నాలుగు రిపేర్లు: మా డాబా మీద పెట్టిన డబ్బుల లెక్క

మా ఇంట్లో పాల లెక్క, గ్యాస్ లెక్క రాసుకునే నోట్‌బుక్ ఒకటుంది. దాని చివరి పేజీల్లో మాత్రం 2014 నుంచి ఒకే లెక్క నడుస్తోంది. డాబా లెక్క. ఈ మధ్య మా స్కూల్లో తోటి టీచర్ ఒకామె "మేడం, మా స్లాబు ఉరుస్తోంది, బాగు చేయిస్తే ఎంతవుతుంది?" అని అడిగింది. నోటికి వెంటనే అంకె రాలేదు. చదరపు అడుగుకు 14 రూపాయలు పెట్టీ చేయించాను, 128 రూపాయలు పెట్టీ చేయించాను. రెండూ ఇదే స్లాబు మీద.

మా ఇల్లు హన్మకొండలో. మా మామయ్య 1999లో కట్టించారు. స్లాబు 35 అడుగులకు 30, అంటే 1,050 చదరపు అడుగులు. మా వారు సింగరేణిలో పని చేస్తారు, శనివారం వచ్చి సోమవారం పొద్దున వెళ్లిపోతారు. కాబట్టి మేస్త్రీలతో బేరం, పెయింటర్లతో గొడవ, అన్నీ నా ఖాతాలోనే. వచ్చిన ప్రతివాడూ మొదట అడిగేది "సార్ లేరా మేడం?" అనే. సార్ ఉన్నా ఆ డాబా ఎక్కి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

మొదటి రిపేరు 2014లో. వెనక గదిలో చెమ్మ కనపడితే తెలిసిన మేస్త్రీని పిలిచాను. పగుళ్లు గీకి, నీళ్లు దిగకుండా ఆపే లిక్విడ్ కలిపిన సిమెంటు పాలు పోసి, చీపురుతో డాబా అంతా రాశాడు. సామానూ కూలీ కలిపి 9,200. రెండు వానాకాలాలు ఆగింది. సిమెంటు సాగదు కదా. ఎండకు స్లాబు ఉబ్బుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, పూడ్చిన పగులు అదే గీతలో మళ్లీ నోరు తెరుస్తుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు. మేస్త్రీకి తెలుసనే అనుకుంటున్నాను.

రెండోది 2017 మే నెలలో. తెల్ల కోటింగ్ కొత్తగా అందరూ వేయిస్తున్న రోజులవి. పెయింటర్ అడుగుకు 14 అన్నాడు, రెండుసార్లు పూసినందుకు మొత్తం 14,700 అయింది. ఒక్క మాట ఒప్పుకోవాలి, ఆ వేసవిలో పై గది వేడి బాగా తగ్గింది. రాత్రి కూలర్ ఆపినా నిద్ర పట్టేది. వాన సంగతే వేరు. డాబా వెనక మూలన నీళ్లు నిలిచే చోట ఆ కోటింగ్ అప్పడంలా పొంగింది, గోటితో లాగితే జానెడు ముక్క ఊడి వచ్చింది. ఈ రకం రంగు వాన పడి జారిపోయేంతవరకే తట్టుకుంటుంది, నీళ్లలో రోజుల తరబడి నానితే పట్టు వదిలేస్తుంది. పైగా మూడు బకెట్లు పట్టే చోట రెండు బకెట్లతో సర్దాడని, మిగతాది నీళ్లేనని తర్వాత తెలిసింది. ఇప్పుడైతే మూత నా ముందే తీయమంటాను, ఖాళీ బకెట్లు లెక్కపెట్టి గానీ డబ్బులివ్వను.

2020 ఆగస్టులో వరంగల్ మునిగినప్పుడు మా వెనక గదిలో మూడు చోట్ల బకెట్లు పెట్టాం. భయంలో తొందరపడ్డాను, సెప్టెంబరులోనే మూడో రిపేరు చేయించాను. నా లెక్కలో అతి పెద్ద తప్పు అదే. వచ్చింది ఓ కాంట్రాక్టరు. నల్లటి తారు షీటు చుట్టలు తెచ్చి గ్యాస్ మంటతో కాల్చి అతికించారు. అడుగుకు 62 చొప్పున, అంచులతో కలిపి 68,000. పదేళ్ల గ్యారంటీ అని స్టాంపు వేసిన కాగితం కూడా ఇచ్చాడు. డబ్బులిచ్చేటప్పుడు ఆ కాగితం చదవలేదు. మూడేళ్ల తర్వాత చదివాను. పిట్టగోడ అంచులు, పైపు నోళ్లు, వాటర్ ట్యాంకు చుట్టుపక్కల తప్ప మిగతా అంతటికీ గ్యారంటీ అని ఉంది. మా ఇల్లు ఉరిసేదే ఆ మూడు చోట్ల. ఫోన్ నంబరు కూడా అప్పటికే పనిచేయడం లేదు.

తారు షీటు మంచిది కాదని అనడం లేదు. తడి ఆరని స్లాబు మీద అతికిస్తే లోపలి తడి ఎండకు ఆవిరై షీటును లేపుతుంది, అతుకులు విడుస్తాయి. అలా దూరిన నీళ్లు షీటు కింద పారుతూ ఎక్కడో ఇంకో చోట దిగుతాయి, ఎక్కడ నుంచి వస్తున్నాయో ఎవరికీ అంతు పట్టదు. పైన ఏ రంగూ వేయలేదు కనుక నల్లటి షీటు మా ఎండలకు పెనంలా కాలింది. మా అత్తమ్మ వడియాలు పెట్టడం కూడా మానేసింది.

2023 జులై 27 ఇక్కడి వాళ్లెవరూ మర్చిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరంతా నీళ్లలో ఉండిపోయింది, రెండు రోజులకు వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మాది కాస్త ఎత్తు మీదున్న వీధి, కింద నుంచి నీళ్లు రాలేదు. పై నుంచి వచ్చాయి. ఆ రాత్రి వెనక గది మంచం మీద, దిండుకు బెత్తెడు దూరంలో, జొన్నరొట్టె అంత పెచ్చు ఊడి పడింది. తలెత్తి చూస్తే సీలింగ్‌లో ఇనుప చువ్వ ఎర్రగా తుప్పు పట్టి కనపడింది. అత్తమ్మ ఆ గదిలో పడుకోలేదు కాబట్టి సరిపోయింది. తెల్లారి తడి మరకల చుట్టూ బొగ్గుతో గీతలు గీసి, పక్కన తేదీ వేశాను. వాన పడ్డప్పుడల్లా మరక గీత దాటిందా లేదా చూసుకోవచ్చని.

ఈసారి మాత్రం తొందరపడలేదు. డాబా మీద తాడిపత్రి కప్పి, ఇటుకలు బరువు పెట్టి, ఫిబ్రవరి దాకా ఆగాం. వానల్లో అందరికీ ఒకేసారి అవసరం, రేట్లు పెరుగుతాయి, స్లాబు తడిగా ఉంటుంది. మే నెలలో చేయిస్తే సిమెంటు పని తడి నిలవక గంటల్లో ఎండి నెర్రెలిస్తుంది. ఫిబ్రవరి, మార్చి మొదటి వారాలే దీనికి సరైన కాలం.

ముగ్గురిని అడిగాను. ఇద్దరు వాట్సాప్‌లో ఫొటో చూసి ఒకరు అడుగుకు 28, ఒకరు 55 చెప్పారు. మూడో మేస్త్రీ పరకాల వైపు మనిషి, ఆయనొక్కడే డాబా ఎక్కాడు. జేబులోంచి చిన్న సుత్తె తీసి మూల నుంచి మూలకు కొట్టుకుంటూ నడిచాడు. కొన్నిచోట్ల టక్ టక్ మంది, కొన్నిచోట్ల కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగింది, అంటే అక్కడ పాత పూత స్లాబును వదిలేసిందన్నమాట. డొల్ల మోగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తూ పోయాడు. చివరికి దాదాపు సగం డాబా గీతలే. వెనక మూలన నీళ్లు పోయే పైపు నోటి దగ్గర కూర్చుని ఓ చెంబు నీళ్లు పోశాడు. నీళ్లు పైపు దాకా వెళ్లి ఆగిపోయాయి. పైపు నోరు నేల కంటే అర అంగుళం ఎత్తున ఉంది! ఇరవై నాలుగేళ్లుగా మేం నీళ్లు పోవడానికి పెట్టుకున్న దారే నీళ్లను ఆపుతోంది. పిట్టగోడ సందులోంచి రావి మొక్క ఒకటి పీకి చూపించాడు. మొక్క బెత్తెడు, వేరు మూరెడు.

"అమ్మా, నీళ్లు స్లాబు నడుమకెళ్లి వస్తలేవు. గోడ మూలకెళ్లి, గీ పైపు కాడికెళ్లి వస్తున్నయ్. రంగు ఎన్నిసార్లు ఏసినా గంతే," అన్నాడు.

రేటు ఎంతని అడిగితే కోటింగ్ వరకు అడుగుకు 38 అని, మిగతా పనికి వేరే లెక్కని చెప్పాడు. ఈ "మిగతా" దగ్గరే అందరం మోసపోతాం. మోసపోతాం అనడం కంటే, వినకుండా వదిలేస్తాం అనాలి. అడుగుకు ఇంత అని చెప్పే రేటు పై పూతది మాత్రమే.

ఆ మిగతా ఇదీ. తారు షీటు పీకడం, డొల్లబోయిన పాత సిమెంటు పూత కొట్టేయడం, చెత్త రెండు ట్రాక్టర్లలో పంపడం 12,600. పిట్టగోడ, స్లాబు కలిసే మూల చుట్టూ 130 అడుగుల పొడవున సందు తెరిచి, పగుళ్లు నింపి, మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పడం అడుగుకు 55 చొప్పున 7,150. నీళ్లు పైపుల వైపు జారేలా కొత్త వాటం వేయడానికి సిమెంటు 28 బస్తాలు 9,800, ఇసుక 8,000, బస్తాకు 200 మిల్లీలీటర్ల చొప్పున కలిపే లిక్విడ్ 1,100, కూలి అడుగుకు 18 చొప్పున 18,900. ఈ వాటం పనే 37,800. దాని మీద సిమెంటు కలిసిన రబ్బరు లాంటి పూత, పలచని జాలీ గుడ్డ, పైన రెండుసార్లు తెల్ల రంగు. పిట్టగోడ మీదకు అడుగు ఎత్తు ఎక్కించడంతో కలిపి 1,180 అడుగులకు 44,840. రెండు పాత పైపులు తీసి నాలుగంగుళాలవి మూడు పైపులు పెట్టడం 6,500. లోపల సీలింగ్‌లో తుప్పు గీకి, చువ్వకు మందు పూసి, పెచ్చులు పోయిన చోట నింపడం 15,000. రెండు గదులకు మళ్లీ రంగులు 11,000.

మొత్తం 1,34,890. అడుగుకు 38 అన్న పని అడుగుకు 128 దగ్గర ఆగింది. అంతకుముందు మూడు రిపేర్లకు పోసింది 91,900. 2014లోనే ఆ పైపు నోరు అర అంగుళం దించి, మూలలు సరిగ్గా తిప్పించి ఉంటే ఇందులో ఎంత మిగిలేదో లెక్క వేయబుద్ధి కాలేదు.

వాటం గురించి ఒక మాట. పదడుగులకు అంగుళం పైచిలుకు దిగుడు ఉండాలి. కానీ పాత పూత తీయకుండా దాని మీదే కొత్తది పోయించుకోకండి. సగటున అంగుళంన్నర మందం అనుకున్నా మా డాబా అంతటికీ ఏడు టన్నుల బరువు. పాతది దించి కొత్తది ఎక్కిస్తేనే సరి, లేకపోతే పాతికేళ్ల స్లాబు నెత్తిన రెండు పూతల బరువు పడుతుంది. మా వారి స్నేహితుడు సివిల్ ఇంజనీరు. ఆయన వచ్చి చూసి సరేనన్నాకే పని మొదలుపెట్టాం. సీలింగ్‌లో చువ్వలు బయటపడిన ఇల్లయితే ఇంజనీరుకు చూపించకుండా పైన ఏ పనీ చేయించొద్దని నా సలహా.

తెల్ల రంగు వేయకముందు పరీక్ష పెట్టాం. పైపులు మూసి, ట్యాంకర్ తెప్పించి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టాం. 5,000 లీటర్లు సరిగ్గా సరిపోయాయి. ట్యాంకరుకు 700, పై లెక్కలో కలపలేదు. రెండు రోజులు ఉంచాం. రెండో రోజు ముందు గదిలో ఫ్యాన్ కొక్కెం దగ్గర రూపాయి బిళ్లంత చెమ్మ కనపడింది. మేస్త్రీ మొహం మాడింది గానీ ఏమీ అనకుండా ఆ చోట మళ్లీ పూత వేశాడు. ఈ పరీక్ష తర్వాతే చివరి 30,000 ఇస్తానని ముందే కాగితం మీద రాసుకున్నాం. రాసుకోకపోతే వచ్చేవాడా? మంచివాడే, అయినా ఏమో.

అందరివీ స్లాబు ఇళ్లు కావు. నర్సంపేట దగ్గర మా చిన్నమ్మది గూనపెంకుల ఇల్లు. ఏటా వానలకు ముందు పెంకులు సర్దించేది. సర్దే మనుషులు కరువయ్యారు, కోతులు మాత్రం పెరిగాయి. కోతుల గుంపు ఒక్కసారి ఎగిరితే వంద పెంకులు పోతాయి. 2022లో విసిగిపోయి పెంకులు దించి, ఇనుప పైపులతో రంగు రేకుల కప్పు వేయించింది. 480 అడుగులకు, అడుగుకు 160 చొప్పున 76,800. ఇప్పుడు పెంకుల బాధ లేదు, స్క్రూల బాధ ఉంది. స్క్రూ కింద రబ్బరు వాషర్ ఎండకు చిట్లిపోతుంది. రేకు పల్లంలో బిగించిన స్క్రూలే కారుతున్నాయి, మిట్ట మీద బిగించినవి బాగానే ఉన్నాయి. రేకులు వేయించేవాళ్లు పక్కన నిలబడి ఇదొక్కటి చూసుకుంటే చాలు. వాన చప్పుడుకు టీవీ వినపడదన్నది చిన్నమ్మ రెండో ఫిర్యాదు. దానికి మందు లేదు.

ఇప్పుడు మా దగ్గర మేస్త్రీ రోజు కూలి 1,000 నుంచి 1,200, సహాయకులకు 700 నుంచి 800 నడుస్తోంది. సిమెంటు మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి బస్తా దగ్గర కొంచెం మిగులుతుంది. కానీ ఇలాంటి పనిలో ఎక్కువ పోయేది కూలికే. మాలాంటి స్లాబుకు ఒకటి రెండు పగుళ్లే అయితే పది పదిహేను వేలతో పోతుంది. డొల్లబోయి, వాటం చెడి, లోపల పెచ్చులు ఊడే దశకు వస్తే లక్షకు తక్కువ చెప్పినవాణ్ని నేనైతే డాబా ఎక్కించి సుత్తె చేతికిస్తాను.

రెండు వానాకాలాలు గడిచాయి. తెల్ల రంగు తెల్లగా లేదు, దుమ్ముకు బూడిద రంగుకు తిరిగింది. ఏటా మార్చిలో కడిగిస్తే మళ్లీ చల్లదనం తెలుస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఇంటి కప్పు వేడెక్కకుండా చేసే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అన్నారు. మాలాంటి 150 గజాల వాళ్లను ఎవరూ అడగరు, ఎండే అడుగుతుంది. పెళ్లి పందిరి వేసినప్పుడు ఇనుప కుర్చీ కాళ్లకు రెండు చోట్ల పూత చీరుకుపోయింది. మిగిలిన డబ్బాలోది నేనే బ్రష్‌తో వేశాను. నాలుగైదేళ్లకు పై తెల్ల రంగు మళ్లీ రెండుసార్లు వేయించాలని మేస్త్రీ ముందే చెప్పాడు, కాబట్టి ఆ పేజీ ఇంకా మూయలేదు.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను రాత్రి కరెంటు పోయింది. నేను, అత్తమ్మ వెనక గదిలో టార్చి లైటు సీలింగ్ వైపు తిప్పి కూర్చున్నాం. రంగు వేసేటప్పుడు పాత బొగ్గు గీతల్లో ఒకదాన్ని కావాలనే చెరపనివ్వలేదు, 27-7-23 అని తేదీ ఉన్నదాన్ని. తెల్లవార్లూ ఆ గీత లోపల పొడిగానే ఉంది. అత్తమ్మ రెండు గంటలకే గుర్రు పెట్టింది.

పొద్దున డాబా ఎక్కితే వాటర్ ట్యాంకు దిమ్మె కింద మాత్రం వెంట్రుక మందం పగులు ఒకటి కనపడింది. మేస్త్రీకి ఫొటో పెట్టాను. ఫొటో చూసి రేటు చెప్పలేదు, ఫిబ్రవరిలో వచ్చి చూస్తానన్నాడు.