రీమ్యాప్ చేయించే ముందు జాగ్రత్త: పెడల్ మ్యాప్ మార్చి ‘స్టేజ్ 1’ అని అంటగడుతున్నారు

కారు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్‌కి, అంటే పవర్ పెరిగేలా అందులోని సాఫ్ట్‌వేర్ మార్చడానికి, ఇప్పుడు పాతిక వేల నుంచి యాభై వేల దాకా తీసుకుంటున్నారు. విడిభాగాలు మార్చకుండా సాఫ్ట్‌వేర్ ఒక్కటే మారిస్తే దాన్ని ‘స్టేజ్ 1’ అంటారు. పని తెలిసి, నిజాయితీగా చేసేవాళ్ళు ఉన్నారు. అరగంట ల్యాప్‌టాప్ తగిలించి, తాళాలు చేతిలో పెట్టి, “తేడా మీరే చూడండి సార్” అని పంపేసేవాళ్ళూ ఉన్నారు. ఈ హెచ్చరిక రెండో రకం వాళ్ళ గురించి. తేడా మొదటి సిగ్నల్ దగ్గరే తెలుస్తుంది కాబట్టి చాలామంది అనుమానించరు.

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ పెడల్‌కీ ఇంజిన్‌కీ మధ్య కేబుల్ లేదు. పెడల్ ఎంత తొక్కారో సెన్సర్ చెబుతుంది, అప్పుడు ఎంత టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఇవ్వాలో ఈసీయూ ఒక పట్టికలో చూసుకుంటుంది. ఆ వెనకాల టార్క్ లిమిట్లు, పొగ లిమిట్ (పొగ రాకుండా ఇంధనానికి పెట్టే హద్దు), టర్బో బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి), ఇంధనం కొలత, ఇంజెక్షన్ టైమింగ్ అంటూ ఒకదాన్నొకటి పట్టుకుని నడిచే పట్టికలు చాలా ఉంటాయి. వీటన్నిటికీ పొంతన కుదిరేలా దిద్దితేనే అది రీమ్యాప్. ఒళ్ళు వంచనివాడు దిద్దేది మొదటి పట్టిక ఒక్కటే. 30 శాతం తొక్కితే 50 శాతం తొక్కినట్టు ఈసీయూ లెక్కేసుకుంటుంది, బండి ముందుకు దూకుతుంది, పికప్ పెరిగిందని మనం సంబరపడతాం. పెడల్ నేలకు ఆనించినప్పుడు ఉన్నది మాత్రం పాత ఇంజినే.

దీన్ని పట్టుకోవడం సులువు. రీమ్యాప్‌కి ముందు ఖాళీగా ఉన్న సమతలం రోడ్డు మీద, మూడో గేర్‌లో, ఏసీ ఆపి, పెడల్ పూర్తిగా తొక్కి 40 నుంచి 80 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్ జీపీఎస్ యాప్‌తో కొలవండి. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి చూడండి. తర్వాత అదే రోడ్డు, అదే దిశ, అంతే మంది మనుషులు, దాదాపు అదే ఎండ. సమయం మారలేదంటే మీరు కొన్నది పెడల్ మ్యాప్. ఆ పని బయట దొరికే థ్రాటిల్ కంట్రోలర్ కూడా చేస్తుంది, పైగా ఈసీయూని ముట్టుకోదు. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌కి ఇరవై ముప్పై శాతం పవర్ పెంచుతామని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. బూస్ట్ పెంచడానికి టర్బోనే లేనప్పుడు ఒక్క ఫైల్‌తో అంత రాదు.

ఇంతకంటే మాయదారిది డీజిల్ కార్లకు పెట్టే ట్యూనింగ్ బాక్స్. కామన్ రైల్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టం) మీద ఉండే ప్రెషర్ సెన్సర్‌కీ ఈసీయూకీ మధ్య దీన్ని దూరుస్తారు. రైల్‌లో నిజంగా 1600 బార్ ఉంటే, బాక్స్ సెన్సర్ వోల్టేజీ తగ్గించి ఈసీయూకి 1450 అని చూపిస్తుందనుకోండి. ప్రెషర్ చాలలేదనుకుని ఈసీయూ ఇంకా పెంచుతుంది. ఇంజెక్టర్ తెరుచుకునే సమయం అంతే, వెనక తోసే ఒత్తిడి ఎక్కువ, కాబట్టి డీజిల్ ఎక్కువ పడుతుంది. పవర్ వస్తుంది, నిజమే. కానీ ఎంత డీజిల్ పోశానన్న ఈసీయూ లెక్క పాత ప్రెషర్ ప్రకారమే ఉంటుంది. మీటర్‌లో కనబడే మైలేజీ ఆ లెక్కలోంచే వస్తుంది. అందుకే డ్యాష్‌బోర్డులో మైలేజీ పెరిగినట్టు కనబడుతుంది, బంకు బిల్లు మాత్రం తగ్గదు. “పవర్ పెరిగింది, మైలేజీ కూడా పెరిగింది” అన్న మాటకు చాలాసార్లు మూలం ఇదే. ట్యాంక్ నింపి, ఆటో కట్ అయ్యేదాకా పోయించి, అదే బంకులో మళ్ళీ నింపి, లీటర్లని కిలోమీటర్లతో లెక్క కట్టుకోవాలి. కనీసం మూడు ట్యాంకులు చూస్తే గానీ తేలదు.

ఆ తప్పు లెక్క ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని కూడా దెబ్బ తీస్తుంది. ఇంజిన్ ఎంత టార్క్ ఇస్తోందో ఈసీయూ చెబితే, దానికి తగ్గట్టు గేర్‌బాక్స్ క్లచ్‌ని బిగిస్తుంది. తక్కువ చెబితే తక్కువ బిగిస్తుంది. క్లచ్ జారుతుంది, కాలుతుంది.

టార్క్ అన్నాం కాబట్టి మాన్యువల్ గేర్ కార్ల మాట. పాత స్విఫ్ట్ డీజిల్ లాంటి వాటిలో క్లచ్ ప్లేటు 190 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత) టార్క్‌ని దృష్టిలో పెట్టుకుని వేసింది. లక్ష కిలోమీటర్లు తిరిగిన ప్లేటు మీద ఇంకో 50 ఎన్ఎం పడేస్తే జారుతుంది. నాలుగో గేర్‌లో 2000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కసారి పూర్తిగా తొక్కినప్పుడు, స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు మాత్రమే పైకి పోతే క్లచ్ అయిపోయినట్టే. రీమ్యాప్ ఖర్చులో క్లచ్ సెట్ ధర కూడా కలుపుకోండి. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే డ్రై క్లచ్ 7 స్పీడ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, అంటే డీక్యూ200, పరిమితి 250 ఎన్ఎం. ఆ కార్లలోని 1.5 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఎన్ఎం ఇస్తుంది. అంటే పెంచడానికి అక్కడ చోటు లేదు. ఈ ముక్క చెప్పకుండా ఆ కారుకి “300 ఎన్ఎం గ్యారంటీ” అనేవాడికి మీ గేర్‌బాక్స్ గురించి బెంగ లేదు.

చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లకు ఇంకో ప్రమాదం ఉంది. 1500 ఆర్‌పీఎం దగ్గరే బోలెడు టార్క్ తెప్పిస్తే నడపడానికి హాయిగా ఉంటుంది, కానీ స్పార్క్ పడకముందే మిశ్రమం మండే అవకాశం కూడా అక్కడే ఎక్కువ. గట్టిగా ఒక్కసారి జరిగినా పిస్టన్ రింగుల గాడులు విరగొచ్చు. రెంటచింతల, రామగుండం ఎండల్లో గాలి వేడెక్కినప్పుడు బూస్ట్, టైమింగ్ వెనక్కి తగ్గించే పట్టికలు కంపెనీ ఫైల్‌లో ఉంటాయి. చలి దేశం కోసం తయారైన రెడీమేడ్ ఫైల్‌లో వాటిని చదును చేసి ఉంటే మే నెలలో ఇంజిన్‌కి కాపలా ఉండదు.

ఓబీడీ పోర్ట్‌లో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్‌లో) గుచ్చే వెయ్యి రూపాయల లోపు ‘చిప్’ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మెరిసే లైట్లు తప్ప వాటివల్ల ఇంజిన్‌లో మారేది ఏమీ లేదు.

బీఎస్6 డీజిల్‌లో పొగ లిమిట్ పెంచితే మసి డీపీఎఫ్‌లో (పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్‌లో) పేరుకుంటుంది, ఆ మసిని కాల్చేసే రీజనరేషన్ మాటిమాటికీ వస్తుంది, ఇంజిన్ ఆయిల్‌లో డీజిల్ కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతోందంటే అది ఆ గుర్తే. అప్పుడు “డీపీఎఫ్ తీసేద్దాం” అంటారు. ఒప్పుకోవద్దు. కాలుష్య ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలల పాటు లైసెన్సుకి అనర్హత దాకా వెళ్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేయించుకుంటే క్లెయిమ్ దగ్గర పేచీ ఎలాగూ ఉంటుంది.

కారు అప్పగించే ముందు ఒక చిన్న పని చేయండి. ఓబీడీ పోర్ట్‌కి తగిలించే ఈఎల్ఎం327 స్కానర్, ఫోన్ యాప్ ఉంటే చాలు. వాహన సమాచారం పేజీలో క్యాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ అని రెండు ఉంటాయి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. సీవీఎన్ అంటే ఈసీయూలో ఉన్న ఫైల్‌కి వేలిముద్ర. పని అయ్యాక, కాస్త దూరం నడిపి మళ్ళీ చూడండి. మారకపోతే ఏం రాశారో ఋజువుతో చూపించమనండి. మారితే ఒక సంగతి గుర్తుంచుకోండి, షోరూమ్ కంప్యూటర్‌కి కూడా అది కనబడుతుంది. ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. “మళ్ళీ స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు ఫైల్) వేస్తే ఎవరికీ తెలీదు” అనేది కూడా నమ్మకండి. ఎన్నిసార్లు ఫ్లాష్ అయిందో (కొత్త ఫైల్ రాశారో) లెక్క పెట్టుకునే ఈసీయూలు ఉన్నాయి.

దుకాణంలో అడగాల్సినవి ఇవి. నా కారులోంచి ఒరిజినల్ ఫైల్ చదువుతారా, లేక సాఫ్ట్‌వేర్ నంబర్ చూసి సర్వర్ నుంచి దించుతారా? రెండోది తప్పేమీ కాదు, కానీ నంబర్ సరిగ్గా అదే ఉండాలి, ఆ ఫైల్ కాపీ పెన్‌డ్రైవ్‌లో మీకు ఇవ్వాలి. ఫ్లాష్ చేసేటప్పుడు స్థిరమైన పవర్ సప్లై తగిలిస్తున్నారా? మామూలు బ్యాటరీ చార్జర్ పనికిరాదు. రాస్తుండగా వోల్టేజీ పడిపోతే ఈసీయూ మధ్యలో ఆగిపోతుంది, కారు స్టార్ట్ కాదు. ఈసీయూ డబ్బా విప్పి చేస్తామంటే, సీలెంట్ మళ్ళీ ఎలా వేస్తారో అడగండి. వానాకాలంలో నీళ్ళు దిగేది ఆ అతుకులోంచే.

అన్నిటికన్నా ముఖ్యం, ముందూ వెనకా లాగ్, అంటే బండి నడుస్తుండగా ఈసీయూ అంకెల రికార్డు. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద అయితే మరీ మంచిది. డీజిల్‌లో ఈసీయూ కోరిన బూస్ట్, వచ్చిన బూస్ట్, కోరిన రైల్ ప్రెషర్, వచ్చినది. పెట్రోల్‌లో సిలిండర్ వారీగా నాక్ (ఇంధనం అదుపు తప్పి మండడం) వల్ల టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోందో. ఒకే సిలిండర్‌లో పదేపదే 5 డిగ్రీలు దాటితే ఆ ఫైల్ మీ కారుకి నప్పలేదు, అక్కడే దిద్దించండి. గోడ మీద అంటించిన గ్రాఫ్ మీ కారుది కాదు.

ఇప్పటికే చేయించి అనుమానం వస్తే మొదట సీవీఎన్ స్క్రీన్‌షాట్, బిల్లు, వాళ్ళు పంపిన మెసేజ్‌లు భద్రం చేసుకోండి. తర్వాత స్టాక్ ఫైల్ తిరిగి వేయించమని రాతపూర్వకంగా అడగండి. డబ్బు వాపసు ఇవ్వనంటే 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బిల్లు లేకుండా నగదు ఇచ్చినవాళ్ళకి ఇక్కడ చాలా కష్టం, కాబట్టి పని పేరు, ఎంత పవర్ పెరుగుతుందన్నారో ఆ అంకె, రెండూ బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.