నర్సరీ సైట్ బాగానే కట్టారు, వ్యాసాలనే వేరే ఇంట్లో పెట్టారు

రాజమండ్రిలో వెబ్‌సైట్లు చేసే ఒక చిన్న ఆఫీసుతో మా కడియపులంక నర్సరీకి సైట్ చేయించాం. పేరు రాయను. నాకొచ్చిన ఇబ్బంది వాళ్ళొక్కరి దగ్గరే ఉండేది కాదు, కాకినాడ నుంచి భీమవరం దాకా ఇదే తరహా ప్యాకేజీ అమ్మేవాళ్ళు చాలామందే ఉన్నారు. ముందే తేల్చి చెప్పేస్తా: డిజైన్‌కీ ఫొటోలకీ ఫోన్ ఎత్తడానికీ మంచి మార్కులు. మొక్కల పెంపకం వ్యాసాలని తీసుకెళ్ళి సబ్‌డొమైన్ అనే వేరే అడ్రస్‌లో పెట్టి, పైగా అదేదో మనకి మేలు చేసినట్టు చెప్పినందుకు మార్కులు కట్.

మంచి సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఎండ ఎక్కకముందే తోటకొచ్చి ఫొటోలు తీశారు, ఎక్కడో దొరికే రెడీమేడ్ బొమ్మలు పెట్టలేదు. చాలామంది వెబ్ వాళ్ళు మొక్కలకి ఇంగ్లిష్ పేర్లు పెట్టి వదిలేస్తారు, వీళ్ళు నూరువరహాలు, నందివర్ధనం, దేవగన్నేరు అని తెలుగులో కూడా పెట్టారు, ఆ పేరుతో వెతికినా మొక్క దొరుకుతుంది. యూపీఐ, వాట్సాప్ బటన్ మొదటి రోజు నుంచీ సరిగ్గా పనిచేశాయి.

ఇక అసలు విషయం. అమ్మకాలు వర్డ్‌ప్రెస్ (సైట్ నడిపే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్‌తో (దానికి షాపు తగిలించే అదనపు ముక్క, ప్లగిన్ అంటారు) ప్రధాన సైట్‌లో నడుస్తాయి. దానికి తోడు మామిడి అంటుకి గొయ్యి ఎంత లోతు తీయాలి, కుండీలో మట్టి ఎలా కలపాలి, కాలువలు కట్టేశాక ఎండాకాలం నీళ్ళు ఎలా సర్దుకోవాలి లాంటి వ్యాసాలు రాయించుకున్నాం, ఎందుకంటే గూగుల్‌లో జనం ముందు వెతికేది ఇవే, మొక్క కొనాలన్న ఆలోచన ఆ తర్వాత వస్తుంది. వీటిని మా పేరు డాట్ కామ్ పక్కన స్లాష్ గైడ్ అని పెడతారనుకుంటే, గైడ్ డాట్ మా పేరు డాట్ కామ్ అని వేరే వర్డ్‌ప్రెస్‌లో పెట్టారు. ఎందుకని అడిగితే అక్కడి కుర్రాడు, "సబ్‌డొమైన్ అంటే గూగుల్ లెక్కలో ఇంకో సైటండి బాబాయ్ గారూ, మొదటి పేజీలో మనవి రెండూ వచ్చేస్తాయండి" అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం: సబ్‌ఫోల్డర్ (స్లాష్ గైడ్ లాంటిది) అంటే మన తోటలోనే ఇంకో మడి, సబ్‌డొమైన్ అంటే అదే బోర్డుతో హైవే అవతల ఇంకో తోట. మొక్కలు రెండు చోట్లా పెరుగుతాయి, కాకపోతే అవతలి తోటకి నీళ్ళు వేరు, కాపలా వేరు.

గూగుల్ మాట చూద్దాం. గూగుల్‌లో పనిచేసే జాన్ ముల్లర్ 2017 చివర్లో ఒక వీడియోలో సబ్‌డొమైన్ అయినా సబ్‌ఫోల్డర్ అయినా తమ సెర్చ్‌కి ఫర్వాలేదనీ, దీర్ఘకాలం నడపడానికి మీకేది సులువో అది పెట్టుకోమనీ చెప్పాడు. ఎస్ఈఓ వాళ్ళు, అంటే సైట్లని గూగుల్‌లో పైకి తెచ్చే పని చేసేవాళ్ళు, దీనిమీద ఇంకా వాదించుకుంటూనే ఉంటారు, అది వేరే సంగతి. కానీ రెండు సైట్లు, రెండు ఫలితాలు అన్న లెక్క మాత్రం నిలబడదు: 2019 జూన్‌లో గూగుల్ మార్పు తెచ్చి, పై ఫలితాల్లో ఒకే సైట్‌వి మామూలుగా రెండుకి మించకుండా చూస్తామంది, సబ్‌డొమైన్లని కూడా చాలావరకు అసలు డొమైన్‌లో భాగంగానే లెక్కేస్తామంది. నిజానికి అసలు కారణం వేరు: మా వెబ్ ఆఫీసు వాళ్ళ దగ్గర వ్యాసాల టెంప్లేట్ ఒకటి వేరే సర్వర్‌లో తయారుగా ఉంది, డీఎన్ఎస్‌లో (సైట్ పేరు ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే పట్టిక) ఒక సీనేమ్ రికార్డు, అంటే ఈ పేరుని ఆ పేరుకి కలిపే ఒక వరుస, పెడితే వాళ్ళ పని అయిపోతుంది. మెల్లగా ఆ మాట వాళ్ళే బయటపెట్టారు. సులువు చూసుకోమన్నాడు ముల్లర్, వీళ్ళు చూసుకున్నారు, కాకపోతే వాళ్ళ సులువు.

ర్యాంకు గొడవ పక్కన పెట్టినా రోజువారీ తలనొప్పి తక్కువ కాదు. షాపులో రెండు మొక్కలు కార్ట్‌లో వేసుకున్న మనిషి కుండీ మట్టి వ్యాసం నొక్కితే అక్కడ పైన కార్ట్ సున్నా చూపిస్తుంది. ఒక హోస్ట్ పేరుకి (గైడ్ డాట్‌తో సహా మొత్తం సైట్ పేరు) పెట్టిన కుకీ, అంటే బ్రౌజర్ దాచుకునే చిన్న చీటీ, ఇంకో హోస్ట్‌కి వెళ్ళదు, డొమైన్ మొత్తానికీ వర్తించేలా ప్రత్యేకంగా పెడితే తప్ప, అలా పెట్టినా వేరే వర్డ్‌ప్రెస్‌కి ఆ కార్ట్ గురించి తెలియదు. కొనేవాడు మాత్రం మొక్కలు మాయమయ్యాయనుకుని ఫోన్ చేస్తాడు. ప్లగిన్ల అప్‌డేట్లు రెండు చోట్ల, బ్యాకప్‌లు రెండు, ఏ పేజీలు చూడొచ్చో గూగుల్‌కి చెప్పే రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు ప్రతి హోస్ట్‌కీ విడిగా ఉండాలి. సైట్‌కి భద్రత ఇచ్చే ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్‌లో సబ్‌డొమైన్ పేరు కూడా ఉండాలి, లేకపోతే బ్రౌజర్ హెచ్చరిక పేజీ చూపించి జనాన్ని బెదరగొడుతుంది.

గట్టిగా అడిగాక ఫోల్డర్‌లోకి మార్చారు, కొంత అదనంగా తీసుకుని. ఆ మార్పు కూడా సగం సగమే. పాత వ్యాసాల లింకులన్నీ హోమ్ పేజీకి మళ్ళించారు, అలా చేస్తే గూగుల్ వాటిని సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టే చూడొచ్చు. ఏ వ్యాసానికి ఆ వ్యాసమే ఎదురయ్యేలా 301 (శాశ్వత మళ్ళింపు) పెట్టమని మళ్ళీ వెంటపడాల్సి వచ్చింది. లోపలి లింకులు, బొమ్మల అడ్రసులు అప్పటికీ పాత చోటికే పోతున్నాయి, అవి కూడా సరిచేయించాం. ఈ మళ్ళింపులు కనీసం ఏడాది ఉంచమని గూగులే చెప్తుంది కాబట్టి అందాకా పాత సబ్‌డొమైన్‌ని డీఎన్ఎస్ నుంచి తీయొద్దన్నాను. మార్చగానే జనం వరదలా వచ్చారని చెప్పను, రాలేదు కూడా. కార్ట్ ఫోన్లు మాత్రం ఆగిపోయాయి, నాకది చాలు.

సబ్‌డొమైన్ అంటేనే చెడ్డదని కాదు. లారీ లోడ్లు ఎత్తే హోల్‌సేల్ వాళ్ళ కోసం లాగిన్‌తో రేట్ల పేజీ వేరే సాఫ్ట్‌వేర్‌లో చేసి సబ్‌డొమైన్‌లో పెట్టారు, అది సరైన పని, దాన్ని గూగుల్ చూడాల్సిన అవసరమే లేదు. షాపు షాపిఫై అనే ఆన్‌లైన్ షాపు సర్వీసులో పెట్టుకుని వ్యాసాలు వర్డ్‌ప్రెస్‌లో రాసుకునేవాళ్ళకి కూడా మామూలుగా సబ్‌డొమైనే దారి, ఎందుకంటే షాపిఫై తన ఫోల్డర్‌లో వర్డ్‌ప్రెస్‌ని ఇన్‌స్టాల్ చేసుకోనివ్వదు. తెలుగు సైట్లే చూడండి, తెలుగు వికీపీడియా సబ్‌డొమైన్‌లో ఉంది, బీబీసీ తెలుగు ఫోల్డర్‌లో ఉంది, రెండూ బాగానే నడుస్తున్నాయి. వాళ్ళకి విడివిడిగా చూసుకునే మనుషులున్నారు. మా నర్సరీలో కంప్యూటర్ ముందు కూర్చునేది మా తమ్ముడొక్కడే, అదీ అంటు పనులు లేనప్పుడు.

ఇంకో ఫిర్యాదు, డొమైన్ వాళ్ళ అకౌంట్లో కొన్నారు. అడిగితే పేచీ పెట్టకుండా మార్చారు, అయినా ముందే మన మెయిల్ ఐడీతో కొనాల్సింది.

ఐదుకి మూడున్నర ఇస్తాను, హోస్టింగ్ రెన్యువల్ కూడా వీళ్ళ దగ్గరే చేయిస్తాను. వీళ్ళ దగ్గరికైనా ఇలాంటి ఇంకొకరి దగ్గరికైనా వెళ్ళేవాళ్ళు వ్యాసాలు ఏ అడ్రస్‌లో వస్తాయో, రేపు చోటు మారిస్తే ఒక్కో లింకుకీ మళ్ళింపు ఎవరి ఖర్చుతో పెడతారో కొటేషన్‌లోనే రాయించుకోండి, నోటిమాట మీద అడ్వాన్స్ ఇవ్వొద్దు.