ఫ్లాష్ పాయింట్ పరీక్షకు ఏది మేలు: మూసిన కప్పా, తెరిచిన కప్పా?

ఒక ద్రవాన్ని డ్రమ్ముల్లోనో ట్యాంకరులోనో పంపేముందు, అది ఎంత వేడికి నిప్పందుకునే ఆవిరిని వదులుతుందో తేల్చాలి. ఆ ఉష్ణోగ్రతే ఫ్లాష్ పాయింట్. దాన్ని మూత ఉన్న కప్పులోనూ కొలవవచ్చు, మూత లేని కప్పులోనూ కొలవవచ్చు. రవాణా మటుకు మూసిన కప్పే మేలని నా నిశ్చితాభిప్రాయం.

తెరిచిన కప్పులో పుట్టిన ఆవిరి పుట్టినట్టే గదిగాలిలో కలిసిపోతుంది కాబట్టి, మంట అంటుకునేంత గాఢత రావడానికి ద్రవాన్ని మరింత వేడెక్కించాల్సి వస్తుంది, అంకె పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుందో పాత బ్రిటిష్ చట్టాల్లో కనబడుతుంది. అక్కడ కిరోసిన్‌కు తెరిచిన కప్పుతో 100 డిగ్రీల ఫారన్‌హీట్ హద్దు ఉండేది. రసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ ఏబెల్ రూపొందించిన మూత కప్పు పరికరాన్ని 1879 చట్టం స్వీకరించినప్పుడు దాన్ని 73కు దించారు. కిరోసిన్ మారలేదు, కొలిచే గిన్నె మారింది; సెల్సియస్‌లో అది 15 డిగ్రీల తేడా. ఆ 73 అంటే సుమారు 23 డిగ్రీల సెల్సియస్. నేటి ఐక్యరాజ్య సమితి రవాణా నిబంధనల్లో రెండో, మూడో ప్యాకింగ్ గ్రూపులను (ప్రమాద స్థాయిని బట్టి చేసిన విభాగాలను) విడదీసే గీతా, మన పెట్రోలియం చట్టంలో ఎ, బి తరగతుల నడుమ గీతా ఈ 23 దగ్గరే ఉన్నాయి.

మండే ద్రవాల తరగతికి ఆ ఐక్యరాజ్య సమితి నిబంధనలు మూసిన కప్పుకు 60, తెరిచిన కప్పుకు 65.6 డిగ్రీలు హద్దుగా పెట్టి రెండింటినీ అంగీకరిస్తాయి. కానీ కిరోసిన్ దగ్గర 15 డిగ్రీలున్న తేడాను 5.6తో సరిపెట్టడం అన్నివేళలా కుదరదు.

హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కర్మాగారాల్లో విరివిగా వాడే డైమిథైల్ ఫార్మమైడ్ అనే సాల్వెంట్‌నే (ఇతర పదార్థాలను కరిగించే ద్రవాన్నే) చూడండి. స్వచ్ఛమైనదానికి మూసిన కప్పులో ఫ్లాష్ పాయింట్ 58 డిగ్రీలు, అంటే హద్దుకు రెండే డిగ్రీల దిగువన. వాడాక స్వేదనం చేసి తిరిగి రాబట్టిన సాల్వెంట్‌లో, తేలిగ్గా ఆవిరై నిప్పందుకునే అసిటోన్ కాస్త మిగిలిందంటే ఈ అంకెకు అర్థమే ఉండదు. తెరిచిన కప్పును వేడి చేస్తుండగానే అసిటోన్ ఎగిరిపోయి, మిగిలిన బరువు ద్రవం ఆలస్యంగా అంటుకుని, సురక్షితంగా కనబడే పెద్ద అంకె ఇస్తుంది. బిగించిన డ్రమ్ములో మాత్రం ఆ అసిటోన్ ఎక్కడికీ పోదు. మే నెల ఎండలో ద్రవంపై ఖాళీలో పేరుకుంటుంది. లారీ మీద ఉండేది మూసిన డ్రమ్మే గనుక పరీక్షా అలాగే జరగాలి.

మూసిన కప్పుల్లో, తక్కువ ఉష్ణోగ్రతలకు ఏబెల్, 40 డిగ్రీలు దాటినవాటికి పెన్‌స్కీ-మార్టెన్స్ పరికరాలు నప్పుతాయి. రెండోదానిలో ఒక్కో డిగ్రీకీ కలుపుడు ఆపి, మూతలోని కిటికీ తెరిచి, చిన్న మంటను లోపలికి ముంచి తీస్తారు. అసలు ఫ్లాష్‌కు ముందు ఆ మంట చుట్టూ నీలి వలయం ఉబ్బుతుంది. కొత్తవాళ్లు దాన్నే ఫ్లాష్ అనుకుంటారు. మంట ద్రవం ఉపరితలమంతా ఒక్కసారిగా పాకితేనే లెక్క. గాలి పీడనం తగ్గిన ప్రతి కిలోపాస్కల్‌కూ పావు డిగ్రీ కలపాలన్నది సవరణ సూత్రం. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్‌లో అది ఒకటిన్నర డిగ్రీల దాకా వస్తుంది, విశాఖ తీరాన దాదాపు సున్నా. 60కి అటూఇటూ ఊగే ద్రవానికి ఈ ఒకటిన్నరే తరగతిని మార్చేయగలదు.

రెండు మిల్లీలీటర్లతో నిమిషంలో తేల్చే చిన్న పరికరం నమూనా కొద్దిగానే ఉన్నప్పుడు ఆదుకుంటుంది. తెరిచిన కప్పు కూడా పనికిరానిదేమీ కాదు; కందెన నూనెలకు, తారుకు క్లీవ్‌లాండ్ కప్పు సరైనదే. అవి బాగా వేడెక్కితే గాని మండవు.

సముద్ర రవాణా పత్రంలో 60 లోపు ఫ్లాష్ పాయింట్‌ను మూసిన కప్పు విలువగానే రాయాలి. రోడ్డు మీద పంపే సరుకుకైనా, ఏ కప్పో చెప్పని అంకె ఉన్న భద్రతా పత్రాన్ని నేను తిప్పి పంపేస్తాను.