యానాది పిల్లలకు ఏది మేలు: ఊరి బడా, గురుకులమా?

ఎండాకాలం వచ్చిందంటే మా మండలంలో కొత్త టీచర్లు నన్ను అడిగేది ఇదే: "మేడం, ఎస్టీ కాలనీ పిల్లల్ని గురుకులానికి రాయించమంటారా, మన బళ్లోనే ఉంచుకోమంటారా?" ఆ కాలనీల్లో ఉండే యానాదులు ఒక గిరిజన తెగ. నెల్లూరు జిల్లాలో సముద్రం పక్క ఊళ్లలో పద్నాలుగేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. నాకు అర్థమైంది చెప్తాను.

గురుకులమంటే సర్కారు హాస్టల్ బడి. అక్కడ మూడు పూటలా తిండి ఉంటుంది, రాత్రి కూర్చోబెట్టి చదివిస్తారు. రొయ్యల గుంటల కాపలాకి పోయే ఇళ్లకు అది పెద్ద ఆసరా. అమ్మానాన్న గుడిసెకు తడిక కట్టేసి గుంట గట్టుకు చేరితే పిల్లలూ వెంట పోతారు. నెలకు పది రోజులు కూడా రాని పిల్లాడికి నేనెంత చెప్పినా నిలవదు. కాకపోతే చిన్న పిల్లలు అక్కడ బెంగ పెట్టుకుంటారు. సంక్రాంతికి ఇంటికొచ్చి మళ్లీ పోనివాళ్లను చాలామందిని చూశాను. వాళ్లను టీసీ రాలేదని వాకిట్లో నిలబెట్టకండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది.

నా లెక్కలో అసలు విషయం ఇది కాదు. అనుమానం.

ఒకసారి నాలుగో తరగతిలో ఒకమ్మాయి జామెట్రీ బాక్స్ కనపడలేదు. క్లాసంతా తలుపు పక్కన కూర్చునే యానాది పిల్ల వైపు చూసింది. నేనూ ముందు ఆ పిల్ల సంచే తీశాను. ఒక నోటుపుస్తకం, సగం పెన్సిలు, కాగితంలో చుట్టిన చిక్కీ ముక్క. తమ్ముడికట. బాక్స్ బల్ల కిందే దొరికింది. ఆ పిల్ల ఏమీ అనకుండా ఒక్కొక్కటీ సంచిలో సర్దుకుంది. నాలుగు రోజులు బడికి రాలేదు. కాలనీకి పోయి వాళ్లమ్మ ముందు తప్పు ఒప్పుకున్నాను.

తెల్లదొరల కాలంలో యానాదుల్ని నేరస్థ జాతుల చట్టం కింద పెట్టారు, అంటే పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. యానాదుల కోసం పనిచేసిన మన నెల్లూరు స్వాతంత్ర్య సమరయోధుడు వెన్నెలకంటి రాఘవయ్య గారు దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 1952లో చట్టం పోయింది, చూపు పోలేదు. ఈ సంగతి పిల్లలకు పాఠంగానే చెప్పాను. సోమవారం సోమవారం చీటీలు తీసి చోట్లు మార్చాను. సుద్దముక్కల పెట్టె, బీరువా తాళం ఆ పిల్లకు అప్పజెప్పాను. నెల తిరిగేసరికి స్కేలు కావాలన్నా రబ్బరు కావాలన్నా అందరూ ఆ పిల్లనే అడిగేవాళ్లు.

గురుకులానికి పంపితే ఆ పిల్ల ఈ చూపు నుంచి తప్పించుకుంటుంది. చూసే పిల్లలు మాత్రం అలాగే పెరుగుతారు. అందుకే అయిదో తరగతి దాకా ఊరి బడే మేలంటాను.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్లలో పేద పిల్లలకిచ్చే 25 శాతం ఉచిత సీట్ల గురించీ అడుగుతున్నారు. ఒకటో తరగతిలోనే చేరాలి, పైగా బస్సు ఖర్చు. మా కాలనీల వాళ్లకు అందేది తక్కువ.

ఆరు నుంచి గురుకులం, ఆడపిల్లలైతే కస్తూర్బా విద్యాలయం ధైర్యంగా చెప్పండి. అంతకంటే చిన్నవాళ్ల విషయంలో కాపలా సీజన్‌కు ముందే కాలనీకి పోండి. అవ్వో పిన్నో ఇంటి దగ్గర ఉంటారేమో కనుక్కుని, పిల్లల్ని వాళ్ల దగ్గర వదిలిపెట్టి పొమ్మని అడగండి. మా బళ్లో పోయినేడు అలా ముగ్గురు నిలిచారు.