ఉపన్యాసమా, క్షేత్ర సందర్శనా? విశాఖవాసికి ఏది మేలు?

విశాఖపట్నంలో విజ్ఞానశాస్త్రాన్ని సామాన్యులకు దగ్గర చేసే కార్యక్రమాలు ప్రధానంగా రెండు రకాలు. గ్రంథాలయంలోనో కళాశాల సమావేశ మందిరంలోనో సాయంత్రం పూట జరిగే ఉపన్యాసం ఒకటి, విషయం తెలిసినవారు వెంట ఉండి కొండకో తీరానికో తీసుకువెళ్లే సందర్శన మరొకటి. వారానికి ఒక్క పూట మాత్రమే తీరిక దొరికే కుటుంబం వీటిలో దేనిని ఎంచుకోవాలి? పిల్లలున్నవారు సాధారణంగా సందర్శనవైపే మొగ్గుతారు. నేను మాత్రం ఆ విషయం కంటికి ఎంతవరకు దొరుకుతుందో ముందు చూడమంటాను. ఎదుట కనిపించేదాన్ని నేరుగా వెళ్లి చూడవచ్చు. వేల ఏళ్ల కిందట జరిగిపోయినదాన్ని ముందు వినకుండా చూడటం వల్ల ఫలితం తక్కువ.

సందర్శనకు సాటిలేని చోటు రాతి తీరం. తెన్నేటి పార్కు దిగువన, ఋషికొండ పరిసరాల్లో, యారాడలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ల మధ్య గుంటల్లో నీరు నిలుస్తుంది. ఆ నీటిలో పువ్వుల్లా కనిపించే సీ ఎనిమోన్లనే జీవులు విచ్చుకుని ఉంటాయి, ఖాళీ నత్తగుల్లల్లో చేరిన సన్యాసి పీతలు తిరుగుతాయి, పై అంచున రాతికి అంటుకుని బతికే చిన్న గుల్లజీవులైన బార్నకిల్స్ తేమ పోకుండా మూతలు బిగించుకుని మళ్లీ పోటు వచ్చేదాకా అలాగే ఉంటాయి. ఏ జీవి రాతిమీద ఎంత ఎత్తున ఉందన్నదే ఇక్కడ నేర్చుకోవలసిన విషయం. ఎండను, నీరు లేని గంటలను ఎక్కువగా తట్టుకోగలిగినవి పైన, తట్టుకోలేనివి కింద స్థిరపడతాయి. తెరమీద బొమ్మలు చూపిస్తే ఒక్కొక్క జీవి పేరు తెలుస్తుంది గాని, ఒకే రాతిమీద అవన్నీ వరుసలు వరుసలుగా సర్దుకున్న తీరు తెలియదు. అయితే వేళ తప్పితే ఈ సందర్శన వృథా అవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి, వాటి తరువాతి ఒకటి రెండు రోజులకు సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పనిచేయడం వల్ల ఆటు సమయంలో నీరు మామూలుకంటే ఎక్కువగా వెనక్కి పోతుంది. కనుక రోజును పంచాంగం చూసి, గంటను ఆటుపోట్ల పట్టిక చూసి నిర్ణయించాలి. సెలవు కుదిరిందన్న ఒక్క కారణంతో పోటు వేళ పిల్లలను నాచు పట్టిన రాళ్లమీదికి తీసుకువెళ్లడాన్ని నేను ఏమాత్రం సమర్థించలేను.

ఎర్రమట్టి దిబ్బల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. భీమిలి దారిలో ఉన్న ఈ దిబ్బలు జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందాయి. దక్షిణాసియాలో ఇటువంటి ఎర్ర ఇసుక మేటలు తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా ప్రముఖంగా లేవు. ఏమీ తెలియకుండా వెళ్లినవారికి అక్కడ అందమైన రంగూ, వాన కోసిన లోతైన గండ్లూ కనిపిస్తాయి, అంతే. సుమారు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం తీవ్రంగా ఉన్న కాలంలో, సముద్రమట్టం నేటికంటే దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేదనీ, అటువంటి దశల్లో బయటపడిన ఇసుకను గాలి ఒడ్డువైపు తెచ్చి పోసిందనీ, ఇనుము కలిగిన ఖనిజాలు శిథిలమై రేణువుల చుట్టూ పట్టిన ఆక్సైడ్ పూతే ఈ ఎరుపనీ ముందే విన్నవారు అదే గండి అంచున నిలబడితే వారి చూపు సముద్రంవైపు మళ్లుతుంది. ఆ నీరంతా ఒకప్పుడు అక్కడ లేదన్న ఊహ కలగడానికి ఒక మంచి ఉపన్యాసం, రెండు పటాలు కావాలి. పైగా ఆ దిబ్బలు వదులుగా ఉండే ఇసుక. అంచులమీద తొక్కిన ప్రతి అడుగూ వాటిని కొంత కూలుస్తుంది. అవగాహన లేని పెద్ద గుంపును అక్కడికి తీసుకువెళ్లడం కంటే తీసుకువెళ్లకపోవడమే మంచిది.

తుపానుల విషయంలో ఉపన్యాసానికి పోటీయే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన రోజు గాలి హోరు మధ్యలో ఒక్కసారిగా తగ్గడం, కొంతసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడటం ఇక్కడి పెద్దలెందరికో స్వయంగా తెలుసు. తుపాను కన్ను, అంటే దాని నడిమధ్య ఉండే ప్రశాంత భాగం, దాటిపోతున్నప్పుడు అలా ఎందుకు జరుగుతుందో, ఆ ప్రశాంతతను నమ్మి బయటికి రావడం ఎందుకు ప్రమాదమో సభలో వివరిస్తే శ్రోతలు తమ అనుభవంతోనే దాన్ని సరిచూసుకోగలరు. అంటే వారి క్షేత్ర సందర్శన ఎప్పుడో ముగిసింది. మిగిలింది వివరణ ఒక్కటే.

ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలను సముద్రంలోకి వదిలే దృశ్యం చూడదగినదే. కాని ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో నిర్ణయమవుతుందన్న సంగతి ఆ సందడిలో ఎవరికీ వినబడదు. దీనికి ఉపన్యాసమే ముందు.

ఆకాశ పరిశీలన ఈ నగరానికి కొత్త కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో ఇక్కడ సొంతంగా వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి గ్రహణాలను, గ్రహాలు సూర్యబింబం ముందుగా దాటిపోవడాన్ని పరిశీలించారు. ఆయన పేరుతో ముడిపడిన ఏ.వి.ఎన్. కళాశాలలోనే సి.వి. రామన్ తండ్రి అధ్యాపకులుగా పనిచేశారు. నేడు బీచ్ రోడ్డు దీపాల వెలుగులో మసక నక్షత్రాలు కనిపించవు గాని, చిన్న టెలిస్కోపులో శని వలయాలు, గురుని ఉపగ్రహాలు చక్కగా కనిపిస్తాయి. వానలు వెళ్లిపోయాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, టెలిస్కోపు పెట్టిన చోటికి వెళ్లడమే మేలు.

నిర్వాహకులకు నా విన్నపం ఒకటే. దిబ్బలకు శనివారం సాయంత్రం ఉపన్యాసం, ఆదివారం ఉదయం సందర్శన పెట్టండి. రాతి తీరానికి ఈ క్రమాన్ని తిరగవేయండి, ఎందుకంటే గుంటలు చూసి వచ్చినవారి దగ్గర అడగడానికి ప్రశ్నలుంటాయి. మెట్లు దిగలేని పెద్దవారు వచ్చే సభలో మాత్రం తెరమీది బొమ్మలతో సరిపెట్టకండి. ఈ కొండలకు మూలమైన ఖొండలైట్ అనే రాతి ముక్కను, అందులో ఎర్రగా కనిపించే గార్నెట్ ఖనిజపు గింజలతో సహా, వారి చేతికివ్వండి.