ఫ్యాక్ట్ బటన్ ఉన్న కాలిక్యులేటర్, మూడు నెలలు వాడాక

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్‌లో చేరిందని విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక షాపులో సైంటిఫిక్ కాలిక్యులేటర్ కొన్నాం, వెయ్యి దాటింది. సైన్, కాస్, లాగ్ అన్నీ బాగానే చేస్తుంది, వాటి గురించి చెప్పేదేం లేదు. నేను రాసేది ఫ్యాక్ట్ బటన్ గురించి. సంఖ్య కొట్టి, ఈక్వల్ నొక్కి, షిఫ్ట్‌తో ఆ బటన్ నొక్కితే ప్రధాన కారణాంకాలు చూపిస్తుంది. పది అంకెల దాకా తీసుకుంటుంది, అంటే సెల్ నంబర్ సరిగ్గా పడుతుంది కాబట్టి చుట్టాల నంబర్లన్నీ మా ఇంట్లో ఎప్పుడో ముక్కలైపోయాయి! పిన్ కోడ్ 520002 కొడితే 2 × 3² × 7 × 4127.

987654321 కూడా 3² × 17² × 379721 అని చక్కగా వచ్చింది. 123456789 కొడితే మాత్రం 3² పక్కన బ్రాకెట్లో (13717421) అని ఆగిపోయింది. "నాన్నా, ఇది పాడైందా?" అంది అమ్మాయి. షాపుకెళ్లి అడిగితే "కంపెనీ పీసండీ, ఏం కాదు" అన్నారు తప్ప బ్రాకెట్ ఎందుకో చెప్పలేదు, అమ్మేవాళ్లకి ఆ మాత్రం తెలిసుండాలి.

పాడవలేదు. ఇది మూడంకెల ప్రధాన సంఖ్యల వరకే భాగించి చూస్తుంది. నాలుగంకెల్లో మొదటి ప్రధాన సంఖ్య 1009, దాని వర్గం 1018081. మిగిలింది అంతకన్నా చిన్నదైతే అది కచ్చితంగా ప్రధాన సంఖ్యే, 379721 అలాగే తేలింది. అంతకన్నా పెద్దదైతే తేల్చలేక బ్రాకెట్ పెడుతుంది. 13717421 నిజానికి 3607 × 3803.

నాకు బాగా నచ్చింది 4294967297, అంటే రెండు ఘాతం 32 కి ఒకటి కలిపితే వచ్చేది. గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు, 1732లో ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త 641తో భాగించి కాదని చూపించాడు. మన కాలిక్యులేటర్ 641 × (6700417) అంటుంది. మరి బ్రాకెట్లో ఉన్నది ప్రధాన సంఖ్యేనా? దాని వర్గమూలం 2588 దాటి కొంచెమే, కాబట్టి అక్కడిదాకా చూస్తే చాలు, మూడంకెలవి మిషనే చూసేసింది. పైగా ఈ సంఖ్యని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే శేషం 1 రావాలని ఆయిలరే నిరూపించాడు. అలా వడకడితే మిగిలేవి ఐదే: 1153, 1217, 1409, 1601, 2113. అమ్మాయి అదే కాలిక్యులేటర్ మీద ఐదింటితోనూ భాగించింది, ఒక్కటీ పోలేదు, అంటే 6700417 ప్రధాన సంఖ్యే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రోజు దాని ముఖం చూసి పెట్టిన డబ్బులు వచ్చేశాయనిపించింది.

లోపం ఒకటుంది, షిఫ్ట్‌తో వాడే పేర్లు బటన్ల పైన మరీ చిన్నగా రాశారు, రాత్రిపూట నా కళ్లకి ఆనవు. తక్కువ రేటు మోడల్స్ కొన్నింటిలో ఈ బటనే ఉండదు, అందుకని డబ్బులిచ్చే ముందు షాపులోనే 123456789 కొట్టి చూడండి, బ్రాకెట్లో 13717421 వస్తే ఇలాంటిదే.